స్కాట్లాండ్ ఏడీపీలకు సర్వే పంపుతున్నారా? మొదటి నుంచి చివరి దాకా ఇలా చేయండి

స్కాట్లాండ్‌లో పబ్లిక్ హెల్త్ చదువుతున్నవాళ్లు, అక్కడి ఆరోగ్య సేవల్లో డేటా పని చేస్తున్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "ఏడీపీలకు సర్వే పంపాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? వచ్చిన జవాబులు నమ్మొచ్చా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఏడీపీ అంటే ఆల్కహాల్ అండ్ డ్రగ్ పార్ట్‌నర్‌షిప్. ఇవి 2009లో ఏర్పాటయ్యాయి. హెల్త్ బోర్డు, కౌన్సిల్, పోలీసులు, స్వచ్ఛంద సంస్థలు, ఈ సమస్యను స్వయంగా అనుభవించినవాళ్లు కలిసి కూర్చుని, తమ ప్రాంతంలో మద్యం, మాదకద్రవ్యాల విషయంలో ఏ సాయం ఉండాలో తేల్చుకునే వేదిక ఇది. ఏడీపీ ఆస్పత్రి కాదు, క్లినిక్ కాదు. దానికంటూ విడిగా చట్టబద్ధ హోదా కూడా లేదు. సేవలు నడిపేది, జీతాలిచ్చేది, రికార్డులు దాచేది అందులోని సంస్థలు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మీ సర్వేకి జవాబిచ్చేది ఒక మనిషి కాదు, ఒక కూటమి. కూటమిని "ఫలానా సేవ ఉందా?" అని అడిగితే ఎక్కడో ఒకచోట ఉంటుంది కాబట్టి "ఉంది" అనే జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు. కానీ సోమవారం పొద్దున సాయం కోసం తలుపు తట్టిన మనిషికి ఏం దొరికిందో ఆ జవాబు చెప్పదు. మీ ప్రశ్నలన్నీ ఆ మనిషి వైపు నుంచి రావాలి. స్కాట్లాండ్‌లో 2020లో మాదకద్రవ్యాల వల్ల 1,339 మంది చనిపోయారు. 2021 జనవరిలో ప్రభుత్వం నేషనల్ మిషన్ ప్రకటించి ఐదేళ్లకు 25 కోట్ల పౌండ్లు ఇస్తామంది. అయినా 2023లో మళ్లీ 1,172 మంది పోయారు. అదే ఏడాది మద్యం వల్ల పోయినవాళ్లు 1,277 మంది. మీ ఫారంలో ఒక్కో గడి వెనక ఉన్నది వీళ్లే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఇప్పుడున్న ఏడీపీల జాబితా, ఏ కౌన్సిల్ ఏ ఏడీపీ కిందకు వస్తుందో చెప్పే పట్టిక.
- ప్రతి ఏడీపీలో కోఆర్డినేటర్ ఎవరు, వాళ్లు సెలవులో ఉంటే ఎవరితో మాట్లాడాలి అన్న వివరాలు.
- స్కాట్లాండ్ ప్రభుత్వం ఏడీపీలను ఏటా అడుగుతున్న సర్వే ప్రశ్నలు, వాటి మీద వెలువడిన నివేదికలు.
- 2021 మేలో వచ్చిన 10 మ్యాట్ (మెడికేషన్ అసిస్టెడ్ ట్రీట్‌మెంట్) ప్రమాణాల పూర్తి పాఠం. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్‌ల వాడకానికి మందులతో ఇచ్చే చికిత్స, దాంతోపాటు అందాల్సిన సాయం ఎలా ఉండాలో ఇవి చెబుతాయి.
- ఆన్‌లైన్ ఫారం. దాంతోపాటు అవే ప్రశ్నలున్న వర్డ్ ఫైల్.
- యూనివర్సిటీ తరఫున చేస్తుంటే ఎథిక్స్ అనుమతి.
- మద్యం, మాదకద్రవ్యాల సమస్యలో స్వానుభవం ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు. వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వాలి, ఆ మొత్తం బడ్జెట్‌లో ముందే రాసుకోండి.
- కనీసం నాలుగు నెలల సమయం. రెండు నెలల్లో అయిపోతుందని గైడ్‌కి మాట ఇవ్వకండి.

1. ఇప్పటికే తెలిసినదాన్ని మళ్లీ అడగకండి

చికిత్స కోసం ఎదురుచూసే కాలం మీద పబ్లిక్ హెల్త్ స్కాట్లాండ్ (అక్కడి జాతీయ ప్రజారోగ్య సంస్థ) అంకెలు ప్రచురిస్తూనే ఉంటుంది. రిఫరల్ (చికిత్సకు పంపుతూ చేసే సిఫారసు) వచ్చిన 3 వారాల్లోపు 90 శాతం మందికి చికిత్స మొదలవ్వాలన్నది అక్కడి లక్ష్యం. అవే అంకెలను మీరు మళ్లీ కోఆర్డినేటర్‌ని అడిగితే, ఆమె ఇంకో అధికారిని అడగాలి, ఆయన అదే వెబ్‌సైట్ చూసి పంపాలి. ఇలాంటి ప్రశ్నలు నాలుగు కనబడితే చాలు, మీ ఫారం పక్కకు పోతుంది. ప్రతి ప్రశ్న పక్కన "ఇది ఇంకెక్కడా దొరకదా?" అని రాసుకుని, దొరికేవన్నీ కొట్టేయండి.

2. మొత్తం ఎందరో తేల్చుకోండి

మొదట్లోనే కాలు జారేది ఇక్కడే. స్కాట్లాండ్‌లో కౌన్సిళ్లు 32 ఉన్నాయి కాబట్టి ఏడీపీలూ 32 అనుకుంటారు. ఏడీపీలు అంతకంటే కొద్దిగా తక్కువ, ముప్ఫై దరిదాపుల్లో ఉంటాయి. ఈస్ట్ లోథియన్, మిడ్‌లోథియన్ రెండు కౌన్సిళ్లకూ కలిపి ఒకటే ఏడీపీ. క్లాక్‌మానన్‌షైర్, స్టర్లింగ్ కూడా అంతే. సరిహద్దులు మారుతుంటాయి, కలుస్తాయి, విడిపోతాయి. అందుకే మీరు సర్వే పంపే నెలలో ఉన్న జాబితానే తీసుకోండి, దాన్ని నివేదిక వెనకాల అనుబంధంగా పెట్టండి.

గ్లాస్గో నగరంలో 6 లక్షలకు పైగా జనం. ఓర్క్‌నీ దీవుల్లో సుమారు 22 వేలు. మీ పట్టికలో మాత్రం ఇద్దరిదీ చెరో వరస. "ఇన్ని ఏడీపీల్లో ఈ సేవ ఉంది" అన్న వాక్యాన్ని "ఇంతమంది జనానికి అందుతోంది" అని చదివేసుకునే ప్రమాదం ఉంది. జనాభాను పక్క కాలమ్‌లో మొదటి రోజే చేర్చుకోండి, చివర్లో పని తేలికవుతుంది.

3. ఏ కాలం గురించి అడుగుతున్నారో చెప్పండి

రెండే రకాలు వాడండి. "ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా" అని ఆర్థిక సంవత్సరం మొత్తానికి ఒకటి. "మార్చి 31 నాటికి" అని ఒక్క రోజుకి ఒకటి. "ప్రస్తుతం", "ఇటీవల" అనే మాటలు ఫారంలో ఎక్కడా ఉండకూడదు.

4. ప్రశ్నలు రాయండి

ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మొదటి మ్యాట్ ప్రమాణం ప్రకారం, సాయం కోసం వచ్చినవాళ్లు కోరుకుంటే అదే రోజు చికిత్స మొదలుపెట్టే అవకాశం ఉండాలి. దాని మీద మామూలుగా రాసే ప్రశ్న ఇలా ఉంటుంది:

"మీ ప్రాంతంలో అదే రోజు చికిత్స అందుబాటులో ఉందా? అవును / కాదు"

నేనూ ఒకసారి ఇలాగే రాశాను. పైలట్‌లో, అంటే అసలు సర్వేకి ముందు చేసే చిన్న ట్రయల్‌లో, ఒక కోఆర్డినేటర్ ఫోన్ చేసి, "అవును అని పెట్టాను. కానీ అది మా పెద్ద ఊళ్లోనే, అదీ వారంలో రెండు రోజులే. మిగతా ఊళ్లవాళ్లు బస్సెక్కి రావాలి. మీ ఫారంలో ఇది చెప్పడానికి చోటేది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే ప్రశ్నను ఇలా మార్చాను:

"మార్చి 31 నాటికి, ఒక వ్యక్తి రిఫరల్ లేకుండా నేరుగా వస్తే అదే రోజు చికిత్స మొదలుపెట్టగల చోట్లు ఎన్ని? ఒక్కో చోట వారంలో ఏ రోజుల్లో? మీ ప్రాంతంలో ఈ సౌకర్యం లేని ఊళ్లు, దీవులు ఏవి?"

జవాబిచ్చేవాళ్లకు పని కొంచెం పెరుగుతుంది, నిజమే. అందుకే ఇలాంటి ప్రశ్నలు ఐదారుకి మించి పెట్టకండి. ఏది ముఖ్యమో అప్పుడు మీరే తేల్చుకోవాల్సి వస్తుంది. ఆర్గైల్ అండ్ బ్యూట్ లాంటి చోట జనం ఉండే దీవులే ఇరవైకి పైగా ఉన్నాయి. అక్కడ "అవును" అనే ఒక్క మాట పడవ ఎక్కాల్సిన మనిషి గురించి ఏమీ చెప్పదు.

అంకె అడిగేటప్పుడు ఏ అంకె కావాలో విడదీయండి. రెసిడెన్షియల్ రిహాబ్, అంటే కేంద్రంలోనే ఉండి కోలుకునే చికిత్స, సంగతే తీసుకోండి. 2026 నాటికి ఏడాదికి కనీసం 1,000 మందికి ప్రభుత్వ ఖర్చుతో చోటు దొరకాలన్నది లక్ష్యం. "ఎంతమందిని రిహాబ్‌కి పంపారు?" అని అడిగితే ఒకరు మంజూరైనవాళ్ల సంఖ్య ఇస్తారు, ఇంకొకరు చేరినవాళ్ల సంఖ్య ఇస్తారు, మరొకరు పూర్తిచేసినవాళ్ల సంఖ్య ఇస్తారు. మూడూ కలిపేసి మీరు చార్ట్ గీస్తారు. మంజూరు, చేరిక, పూర్తి అని మూడు గడులు పెడితే పోయేదేముంది?

నాలోక్సోన్ కిట్లదీ ఇదే కథ. ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌లో ఊపిరి నిలబెట్టే మందు ఇది. ఇంటికి తీసుకెళ్లేలా కిట్లు ఇచ్చే జాతీయ కార్యక్రమం స్కాట్లాండ్‌లో 2011 నుంచి నడుస్తోంది. ఇచ్చిన కిట్లు వేరు, కిట్ అందుకున్న మనుషులు వేరు. ఒకే మనిషి మూడు సార్లు తీసుకుని ఉండొచ్చు. మొదటిసారి తీసుకున్నవాళ్లు ఎందరో విడిగా అడగండి.

మద్యాన్ని విడిగా అడగండి. ఇది నా గట్టి అభిప్రాయం. మ్యాట్ ప్రమాణాలు ఓపియాయిడ్‌ల చుట్టూ అల్లినవి కాబట్టి, వాటిని చూసి ప్రశ్నలు రాసేవాళ్లు తెలియకుండానే మద్యాన్ని మర్చిపోతారు. "మద్యం లేదా మాదకద్రవ్యాలకు సేవ ఉందా?" అని ఒకే ప్రశ్నలో రెండూ కలిపితే, ఒకటే ఉన్నా "అవును" అని వస్తుంది. ఒకటే పట్టికలో రెండు కాలమ్‌లు పెట్టండి, ఎడమవైపు మద్యం, కుడివైపు మాదకద్రవ్యాలు. ఖాళీలు ఎక్కడున్నాయో కళ్లకు కనిపిస్తాయి.

జవాబుల్లో "తెలియదు", "మాకు వర్తించదు", "లేదు" అనే మూడింటినీ విడిగా ఉంచండి. "తెలియదు" అని రాసే వీలు లేకపోతే చాలామంది ఖాళీ వదిలేస్తారు, ఆ ఖాళీని మీరు "లేదు" అని లెక్కేస్తారు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

మాటల విషయంలో జాగ్రత్త. తెలుగులో మన నోటికి "తాగుబోతు", "మత్తుకు బానిస" అనే మాటలు తేలిగ్గా వచ్చేస్తాయి. ఇంగ్లీషులోనూ అలాంటివి ఉన్నాయి, అవి ఫారంలోకి రాకూడదు. "మద్యం వల్ల ఇబ్బంది పడుతున్నవాళ్లు", "మాదకద్రవ్యాలు వాడే వ్యక్తి" అన్న అర్థం వచ్చేలా రాయండి. ఏడీపీ సమావేశంలో కూర్చుని మీ ఫారం చదివేవాళ్లలో తమ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉండొచ్చు.

5. పంపే ముందు రెండు రకాలవాళ్లకు చూపించండి

మొదట స్వానుభవం ఉన్నవాళ్లకు చూపించండి. "ఈ ప్రశ్నకి మీ ఊళ్లో నిజమైన జవాబేంటి?" అని అడగండి. కాగితం మీద ఉన్నదానికి, వాళ్లు చూసినదానికి ఎక్కడ తేడా వస్తుందో వాళ్లు వెంటనే పట్టేస్తారు. నమూనా చూపించి, సరేననిపించుకుని ఫోటో దిగడానికి పిలుస్తున్నట్టయితే మాత్రం అసలు పిలవకండి. వాళ్లు చెప్పినదాని వల్ల కనీసం ఒక ప్రశ్న మారాలి.

తర్వాత రెండు మూడు ఏడీపీలతో పైలట్ చేయండి. ఒకటి పెద్ద నగరం, ఒకటి పల్లెలు ఎక్కువున్న ప్రాంతం, కుదిరితే ఒకటి దీవులది. ఎంతసేపు పట్టిందో అడగండి. ఫారం నింపడానికి పట్టే గంటలు వేరు, సమాచారం కోసం ఊరంతా అడిగి తెప్పించడానికి పట్టే రోజులు వేరు. రెండూ రాసుకోండి.

6. పంపండి

మొత్తం ప్రశ్నలున్న వర్డ్ ఫైల్‌ని ముందు పంపండి, ఆన్‌లైన్ లింకు తర్వాత. కోఆర్డినేటర్ ఒక్కరే కూర్చుని నింపలేరు. ఒక భాగం హెల్త్ బోర్డుకి, ఒకటి కౌన్సిల్‌కి, ఒకటి స్వచ్ఛంద సంస్థకి పంపి తెప్పించుకోవాలి. చివరికి ఏడీపీ సమావేశంలో పెట్టి సరే అనిపించుకోవాలి. ఆ సమావేశం ఏ నెలలో ఉందో ముందే కనుక్కుంటే మీ డెడ్‌లైన్ ఎంత పెట్టాలో తెలిసిపోతుంది. 6 నుంచి 8 వారాలు ఇవ్వండి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో లెక్కలు మూసే టెన్షన్‌లో ఉంటారు, అప్పుడు వద్దు. జూన్ చివరి నుంచి ఆగస్టు సగం దాకా అక్కడ బడి సెలవులు, అప్పుడూ వద్దు.

ప్రతి భాగం చివర "ఈ భాగం ఎవరు నింపారు? ఏ ఉద్యోగంలో ఉన్నారు?" అన్న గడి పెట్టండి. పేరు అక్కర్లేదు, హోదా చాలు. వచ్చే ఏడాది అదే ప్రశ్నకు జవాబు తారుమారైతే, సేవ మారిందా, జవాబిచ్చిన మనిషి మారారా అని తెలుసుకునే దారి ఇదొక్కటే.

హెచ్చరిక: ఏ ఏడీపీ ఏం చెప్పిందో పేరుతో ప్రచురిస్తారా, కలిపి ప్రచురిస్తారా అన్నది మొదటి పేజీలోనే రాయండి. రహస్యంగా ఉంచుతామని నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి. స్కాట్లాండ్‌లో 2002 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం ఉంది. ప్రభుత్వ సంస్థల దగ్గరున్న జవాబుల కాపీని ఎవరైనా అడిగి తీసుకోవచ్చు.

డెడ్‌లైన్‌కి రెండు వారాల ముందు ఒక ఈమెయిల్, మూడు రోజుల ముందు ఒక ఫోన్ చేయండి. ఫోన్‌లో "ఇంకా పంపలేదేం?" అనకండి. "ఏ ప్రశ్న దగ్గర ఆగారు?" అని అడగండి. ఆగినవాళ్లంతా సాధారణంగా ఒకటి రెండు ప్రశ్నల దగ్గరే ఆగి ఉంటారు. ఉన్నవి ముందు పంపమని, మిగతావి తర్వాత చేరుద్దామని చెప్పండి.

అంత సమయం లేదా? అయితే అందరికీ ఫారం పంపి సగం జవాబులతో సరిపెట్టుకునేకంటే, వేర్వేరు రకాల ప్రాంతాలున్న ఆరు ఏడీపీలను ఎంచుకుని ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడండి. "దేశమంతా ఇలా ఉంది" అని రాసే హక్కు మాత్రం అప్పుడు మీకుండదు. సమాచార స్వేచ్ఛ చట్టం కింద దరఖాస్తు పెట్టడం ఇంకో దారి. 20 పనిదినాల్లో జవాబు రావాలి. కానీ చేతిలో ఉన్న కాగితం వస్తుంది తప్ప వివరణ రాదు. మాట్లాడి అడిగితే దొరికేదాని కోసం నోటీసులా అడిగారని వాళ్లు నొచ్చుకునే అవకాశమూ ఉంది.

7. వచ్చినదాన్ని సరిచూడండి

ఎక్సెల్‌లో చార్టులు గీసే ముందు ఈ పరీక్షలు చేయండి.

- ఒకే ఏడీపీ జవాబుల్లో ఒకదానికొకటి పొసగనివి వెతకండి. రిహాబ్ పూర్తిచేసినవాళ్లు చేరినవాళ్లకంటే ఎక్కువుంటే ఎక్కడో తప్పు జరిగింది. లేదా పోయిన ఏడాది చేరినవాళ్లు కలిశారు. ఫోన్ చేసి అడగండి, మీరే దిద్దేయకండి.
- అన్నిటికీ "అవును" అని నింపిన వరసను ముందు చూడండి. చేతులారా అన్నీ అమర్చుకున్న ఏడీపీ అయినా కావొచ్చు, ఆఖరి రోజున హడావిడిగా నింపింది అయినా కావొచ్చు.
- సున్నాకి, ఖాళీకి తేడా పోలేదని చూసుకోండి. కొన్ని ఫారం టూల్స్ ఫైల్ దించేటప్పుడు ఖాళీలను సున్నాలు చేసేస్తాయి.
- ప్రచురితమైన అంకెలతో ఒకటి రెండు పోల్చండి. పూర్తిగా కలవకపోవచ్చు, కానీ పది రెట్లు తేడా ఉండకూడదు.
- ఐదు ప్రశ్నలు తీసుకుని, బయటి మనిషిలా ఆ ప్రాంతపు సేవకు సంబంధించిన సమాచారం వెతకండి. వారమంతా తెరిచి ఉంటుందని ఫారంలో ఉంది, సేవ తాలూకు పేజీలో మాత్రం మంగళ, గురువారాలే అని ఉంది అనుకోండి. ఏది నిజమో కోఆర్డినేటర్‌ని మర్యాదగా అడగండి. సాయం కోసం వెతికే మనిషి చూసేది ఆ పేజీనే. సాయం కావాలని నటిస్తూ సేవకు దొంగ ఫోన్లు మాత్రం చేయకండి, అవతల నిజంగా కాల్ కోసం ఎదురుచూసేవాళ్లకు లైన్ దొరకదు.

8. రాసేటప్పుడు

శాతాలు వద్దు, లెక్క రాయండి. మొత్తం ముప్ఫై ఉన్నప్పుడు ఒక్క ఏడీపీ అంటేనే 3 శాతానికి పైన. ఒకరు జవాబు మార్చుకుంటే "3 శాతం పెరుగుదల" అని శీర్షిక పెట్టుకునే ప్రమాదం ఉంది. "30లో 22" అని రాస్తే చదివేవాళ్లకు సరిగ్గా అర్థమవుతుంది. ఎవరు జవాబివ్వలేదో కూడా రాయండి.

పోయిన ఏడాదితో పోల్చే ముందు రెండు ఫారాలను పక్కపక్కన పెట్టి ప్రశ్నను అక్షరం అక్షరం చదవండి. "చోట్లు" అన్నది "సేవలు" అయినా చాలు, పోలిక పనికిరాదు.

చిన్న సంఖ్యలను దాచండి. ఒక దీవిలో "చికిత్సలో ఉన్న 18 ఏళ్ల లోపువాళ్లు: 2" అని అచ్చయితే, ఊళ్లో అందరికీ ఆ ఇద్దరెవరో తెలిసిపోతుంది. 5 కంటే తక్కువున్న అంకెలను చూపించకండి. పక్కనున్న మొత్తంలోంచి తీసేస్తే ఆ అంకె బయటపడకుండా ఇంకో గడిని కూడా దాచాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

9. తిరిగి పంపండి

ప్రచురణకు రెండు వారాల ముందు ప్రతి ఏడీపీకి వాళ్ల వరసను మాత్రమే పంపి, తప్పులుంటే చెప్పమనండి. అంకె తప్పయితే దిద్దండి. "ఈ జవాబు చూడ్డానికి బాగా లేదు" అన్నది దిద్దడానికి కారణం కాదు, కావాలంటే వాళ్ల వివరణను పక్కన వేయండి. స్వానుభవం ఉన్నవాళ్లకు ఐదు నిమిషాల్లో చదవగలిగే ఒక పేజీ విడిగా రాసి ఇవ్వండి. కోఆర్డినేటర్లను చివరిగా ఒక్కటి అడగండి: ఏ ప్రశ్నకి ఎక్కువ సమయం పట్టింది? దాని జవాబును మీరు నివేదికలో ఎక్కడా వాడలేదని తేలితే, వచ్చే ఏడాది ఫారంలోంచి ఆ ప్రశ్నను తీసేయండి.